పొగ పద్దు

మార్చి నెల. తీరం వెంట ఇంకా మంచు పలకలు.
పోస్టుమాన్ వచ్చి స్కైద్రీతె చేతిలో కవరు పెట్టి
రోజూలాగే బల్ల మీది చేపొకటి నోట్లో వేసుకుని వెళ్ళాడు.

కవరులో ఉన్నది ఒక అంకె మారిన సంగతి.
పొగ పెట్టిన కిలో చేపలో ఆ విషం
ఐదు మైక్రోగ్రాములుండొచ్చు అన్నచోట
ఇకమీదట రెండు.
అంతే. సంతకం, ముద్ర, అమలు తేదీ.

ఆ బట్టీలో పద్దులు రాసేదాన్ని నేను.
ఐదుకీ రెండుకీ తేడా మూడని
రెండో తరగతిలో టీచరమ్మ చెప్పింది.
నలభై వేల యూరోలని
బ్యాంకు చెప్పింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఇప్పుడు నిప్పుండాలి, పొగ రావాలి,
వచ్చినట్టు మాత్రం చేపకి తెలియకూడదు.

ఈ ఇటుకలకి చట్టాలు కొత్త కాదు.
స్కైద్రీతె తాత కట్టిన నాడు ఒక దేశం.
తర్వాత ఒక ఉదయం ఇది సంఘానిదన్నారు,
తన బట్టీలోనే తాతని కూలివాణ్ణి చేశారు.
యాభై ఏళ్ళకి ఇంకో కాగితం: మీదే, తీసుకోండి.
ఆ రోజు వాళ్ళ నాన్న ఇటుకలు లెక్కపెట్టి
పన్నెండు తక్కువున్నాయని గొణిగాడట.
అవన్నీ ఎవరిది, ఎంత, ఎవరికమ్మావు అని
మనుషుల్ని అడిగిన చట్టాలు.
పొగని నిలదీసింది ఇదే మొదలు.

తనిఖీకి తాలివాల్దిస్ వచ్చాడు.
మంచివాడు. వాళ్ళ అవ్వ ప్రతి శుక్రవారం
ఇక్కడే చేపలు కొనేది.
సీసాలో ముక్క వేసి మూత బిగిస్తూ
ఆవిడ ఏ జబ్బుతో పోయిందో చెప్పాడు.
ఆ తర్వాత చట్టాన్ని తిట్టడం
మాకు కొంచెం కష్టమైంది.
కొంచెమే.

పట్నం దారిలోని పెద్ద ఫ్యాక్టరీ
చట్టాన్ని స్వాగతించింది, పేపర్లో ఫొటోతో సహా.
వాళ్ళకి వకీళ్ళున్నారు, సొంత ప్రయోగశాల ఉంది,
పొగ గురించి మాట్లాడటానికి
పొగ వాసన రాని మనుషులున్నారు.

పద్నాలుగో పేజీలో, చిన్న అక్షరాల్లో
మాకూ ఒక కిటికీ తెరిచి పెట్టారు:
పాత పద్ధతినే చేసుకోవచ్చు,
సరిహద్దు దాటించకూడదు.
అంటే మా నాలుకలకి ఐదు,
హాంబర్గ్ నాలుకలకి రెండు.
మా డబ్బాలు నాలుగింట మూడు హాంబర్గ్‌కే పోతాయి.

పక్క బట్టీ ఔస్మా ఆ కిటికీ దగ్గరే కూర్చుంది.
వేసవిలో వచ్చేపోయేవాళ్ళకి అమ్ముకుంది.
రెండో చలికాలానికి బోర్డు దించి
ఆ పలకతోనే కోళ్ళగూటికి తలుపు చేయించింది.

స్కైద్రీతె అప్పు చేసింది.
గాజు తలుపున్న స్టీలు పెట్టె దిగింది.
ఇప్పుడు పొగ వేరే గదిలో పుట్టి,
నీళ్ళతో ఒళ్ళు కడుక్కుని,
జల్లెడలోంచి దూరి,
పెద్దింటికొచ్చిన చుట్టంలా
గడప దగ్గర చెప్పులు విప్పి మరీ లోపలికొస్తుంది.

పరీక్ష ఫలితం: ఒకటి పాయింట్ ఆరు.
ఆమె రెండుసార్లు చదివి, మడిచి
ఏప్రాన్ జేబులో పెట్టుకుని
చేపలు గుచ్చడానికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నేను రాశాను:
పాత బట్టీ. ఇటుకలు, ఇనుప తలుపులు ఆరు.
విలువ, సున్నా.
సున్నా రాస్తున్నప్పుడు కలం ఎక్కడా ఆగదు.
మొదలైన చోటికే వచ్చేస్తుంది.

వోల్డెమార్స్ ఇప్పుడు మీటలు నొక్కుతాడు.
ముప్పై నాలుగేళ్ళు ఆల్డర్ కట్టెల ముందు నిలబడ్డవాడు.
దగ్గు తగ్గిందంటాడు, ఎవరూ అడక్కుండానే.
ఆరింటికి రేవు దారిన ఇంటికి నడుస్తాడు.
ఇన్నేళ్ళూ అతని కోటు వెనక
ఊరేగింపుగా నడిచిన పిల్లులు
వలల మీంచి తలెత్తి చూసి
మళ్ళీ పడుకుంటాయి.

మలుపు దగ్గర ఆగుతాడు.
ఎవరూ చూడటం లేదనుకుని
కోటు చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటాడు.